నాయన సరే అన్న మాట

నేను పుట్టి పెరిగిన ఇంట్లో ముందుగదే షెడ్డు. అందులో నాలుగు కరెంటు మగ్గాలు. నగరి పక్కన మా వీధిలో ఇంచుమించు అన్ని ఇళ్ళూ అంతే. మగ్గాలకు ముందు పెద్ద గది, మనుషులకు వెనక రెండు చిన్న గదులు. పొద్దున్నే మోటార్లు వేస్తే మళ్ళీ కరెంటు పోయినప్పుడే ఆపడం. నాలుగూ కలిసి ఆడుతుంటే పక్కనే నిలబడి గొంతు చించుకున్నా మాట అందదు. సంగతి తెలియని చుట్టాలెవరైనా వచ్చి గుమ్మంలో నిలబడి అరుస్తుంటే మాకు నవ్వొచ్చేది. మేం అరిచేవాళ్ళం కాదు. గొంతు పూర్తిగా ఆపేసి పెదాలతో మాట్లాడేవాళ్ళం.

అది మాకు ఎవరూ నేర్పలేదు. అ ఆలు రాకముందే నాకు అమ్మ పెదాలు చదవడం వచ్చు. షెడ్డుకి ఆ చివర అమ్మ నూలు కండెలు చుడుతూ ఉండేది, ఈ చివర నాయన మగ్గాల మధ్య తిరుగుతూ ఉండేవాడు. ఇద్దరూ రోజంతా కబుర్లు చెప్పుకునేవాళ్ళు. పోట్లాడుకునేవాళ్ళు కూడా. శబ్దం లేని పోట్లాటను చూడాలి మీరు. అమ్మ నోరు గబగబా ఆడుతుంటే నాయన కావాలని తల తిప్పేసుకునేవాడు. అంతే, ఇంక ఆమె ఏమన్నా ఆయనకి అందదు. అమ్మకి ఒళ్ళు మండి చేతిలో ఉన్న ఖాళీ కండె ఆయన వీపు మీదికి విసిరేది. ఆయన ఇటు తిరిగి నవ్వేవాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా ఏదైనా చెబితే వెంటనే తల ఊపాలి. ఊపకపోతే చెప్పినవాళ్ళు మగ్గం వదిలేసి దగ్గరికి రావాలి, ఈలోపు అక్కడ పోగు తెగిందంటే అంత గుడ్డా పాడు. అందుకని మాట పూర్తిగా తెలిసినా, సగమే తెలిసినా, అసలు తెలియకపోయినా ముందు తల ఊపేసేవాళ్ళు మావాళ్ళు. సంగతేమిటో తర్వాత ఎలాగూ తెలుస్తుందని ధీమా. నాకూ ఆ అలవాటు ఉండేది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన చెప్పిన ప్రతిదానికీ తల ఊపేదాన్ని. అబ్బ, ఎంత అణకువైన పిల్ల అని మా అత్తగారు మురిసిపోయింది పాపం. నాలుగు నెలల్లో ఆ ముచ్చట తీరిపోయింది.

కరెంటు పోయినప్పుడు మాత్రం మా వీధి వేరుగా ఉండేది. మోత ఆగిన మరుక్షణం అన్ని ఇళ్ళలోంచీ గొంతులు బయటికొచ్చేవి. అందులో అమ్మది అందరికంటే పెద్ద గొంతు. మూడిళ్ళ అవతల ఉన్న మనిషిని గుమ్మంలో కూర్చునే పలకరించేది. ఏం కూర అని అడిగితే వీధి మొత్తం జవాబు చెప్పేది. కాస్త బొంగురుగా, చివర్లో సాగదీస్తూ ఉండేది ఆ గొంతు. ఇప్పుడు దాన్ని మాటల్లో పెట్టడం నాకు చేతకావడం లేదు. ఎంత గింజుకున్నా నా చెవుల్లో అది సరిగా పలకడం లేదు. పెదాలు కనిపిస్తాయి, గొంతు రాదు. ఆ గొంతు కోసం నేను ఎంత తపించిపోతున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాకు తిరుపతిలో టీచరు ఉద్యోగం వచ్చి అక్కడే మేడమీద ఇంట్లో అద్దెకు దిగాం. మా ఆయన ఏర్పేడు దగ్గర పనికి పొద్దున్నే బండెక్కి వెళ్ళిపోయేవారు. అమ్మ నెలకోసారి వచ్చి రెండు రోజులు ఉండేది. వచ్చిందంటే మెట్ల దగ్గర్నుంచే మాటలు మొదలు. కింద ఇంటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, పక్క వాటాలో ఉండే నా తోటి టీచరు, అందరికీ మా ఇంటి విషయాలన్నీ తెలిసిపోయేవి. ఒకరోజు ఆ తోటి టీచరు నవ్వుతూ, మీ అమ్మగారు వచ్చినట్టున్నారే అంది. తప్పుగా ఏమీ అనలేదు. కానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లోకి వచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"మెల్లగా మాట్లాడలేవా అమ్మా? ఇది షెడ్డనుకుంటివా?"

అమ్మ నా ముఖం వంక చూసింది. తల ఊపింది. ఆ తర్వాత నా ఇంట్లో ఆమె గొంతు ఎత్తలేదు. ఏదైనా చెప్పాలంటే నా ఎదురుగా వచ్చి నిలబడి, షెడ్డులోలాగా పెదాలతో చెప్పేది. ఉప్పు ఎక్కడుంది, నేను రేపు పోతాను, నువ్వు చిక్కిపోయావు, అన్నీ అంతే. మొదట వేళాకోళం అనుకున్నాను. తర్వాత, నిజం ఒప్పుకోవాలి, నాకు హాయిగానే ఉండింది. ఆరేడేళ్ళు అలాగే గడిచాయి. నేను ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆమె అడగలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు అమ్మకి వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాం. రోజుకి ఒక్క మనిషిని, అదీ కాసేపే లోపలికి పంపేవాళ్ళు. ఒంటి మీద ప్లాస్టిక్ కోటు వేసుకుని నాయన వెళ్ళేవాడు, నేను గేటు దగ్గర షామియానా కింద నిలబడేదాన్ని. నాలుగో రోజు నాయన బయటికి వచ్చి కోటు విప్పి పక్కన పడేశాడు.

"మాట్లాడిందా?" అని మాస్కు కిందికి లాగి అడిగాను.

"మాట్లాడింది. సరే అనినాను."

"నా గురించి అడిగిందా?"

నాయన చెప్పులు వేసుకుంటూ వంగాడు. "అడిగింది," అన్నాడు.

మర్నాడు పొద్దున అమ్మ పోయింది. నేను ఆ ఒక్క మాటను పట్టుకుని బతికాను. అడిగింది. అంటే మనసులో ఏమీ పెట్టుకోలేదన్నమాట. ఏమని అడిగిందో, ఎలా అడిగిందో నాయన్ని మళ్ళీ ఎప్పుడూ కదిలించలేదు. ఆయన బాధపడతాడని ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం వేరు. ఎక్కువ తవ్వితే ఆ మాట ఎక్కడ కరిగిపోతుందోనని భయం.

ఆ తర్వాత నాయన మగ్గాలు అమ్మేసి నా దగ్గరికి వచ్చేశాడు. ఇంట్లో బాగానే ఉండేవాడు. నేను ఎదురుగా కూర్చుని మాట్లాడితే ప్రతి మాటకూ జవాబు వచ్చేది. బయటే ఏదో తేడా ఉండేది. పాలబూతు దగ్గర రెండు ప్యాకెట్లు తెమ్మంటే నాలుగు తెచ్చేవాడు. మందుల షాపులో ఏదో అడిగితే తల ఊపి వేరే ఏదో తీసుకొచ్చేవాడు. వయసైంది, మతిమరుపు మొదలైంది అనుకున్నాను. అందరి ముఖాలకూ మాస్కులు ఉన్న కాలం అదని నా బుర్రకి తట్టలేదు.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి మాస్కు తీయకుండానే వంటింట్లోకి పోతూ, "నాయనా, కాఫీయా, రాగిజావా?" అని అడిగాను. తల ఊపాడు. ఏది అని మళ్ళీ అడిగాను. మళ్ళీ తల ఊపాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. వెనక్కి తిరిగి ఏదో అనబోయి ఆగిపోయాను. ఆయన కళ్ళు నా మాస్కు మీద ఉన్నాయి. అక్కడ ఏదో వెతుకుతున్నాయి. నేను మాస్కు కిందికి లాగి, గొంతు లేకుండా ఒట్టి పెదాలతో అదే ప్రశ్న అడిగాను.

"జావ," అన్నాడు వెంటనే.

ఆయన వెనక్కి వెళ్ళి నిలబడి పిలిచాను. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. పక్క వాటా తలుపు తెరుచుకునేంత గట్టిగా పిలిచాను. నాయన బయట ఏదో అలికిడి అనుకుని కిటికీ వైపు ఓసారి చూసి, మళ్ళీ జావ కోసం ఎదురుచూస్తూ గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు.

ఎన్నేళ్ళ నుంచి ఇలా ఉందో ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశమే లేదు. ఊళ్ళో ఎవరి నాన్నకైనా వినికిడి తగ్గితే ఇంట్లోవాళ్ళకి నెలలోపు తెలిసిపోతుంది. మా ఇంట్లో చెవులతో పనే లేదు కదా. నాయనకి కూడా తనకి వినబడడం లేదన్న సంగతి నిజంగా తెలియదనుకుంటాను. మాట తెలుస్తోంది, అది కంటి నుంచి తెలుస్తోందా చెవి నుంచి తెలుస్తోందా అని ఎవరు విడదీసి చూసుకుంటారు?

తిరుపతిలోనే వినికిడి పరీక్షలు చేసే చోటికి తీసుకుపోయాను. అక్కడ పరీక్ష చేసే అమ్మాయికి పాతికేళ్ళు ఉంటాయేమో. ముందు చెవిలో లైటు వేసి చూసింది, గులిమి తీయించింది. తర్వాత నాయన్ని మెత్తటి గోడలున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి చేతికి ఒక మీట ఇచ్చింది. "తాతా, ఎంత మెల్లగా కూత వినబడినా నొక్కు. అనుమానంగా ఉన్నా నొక్కు," అని చెప్పి తను అద్దానికి ఇవతల మిషను ముందు కూర్చుంది.

నాయన నొక్కుతూ పోయాడు. ఒక్కటి వదల్లేదు. ఆ అమ్మాయి శబ్దం తగ్గిస్తూ పోయింది, నాయన నొక్కుతూనే ఉన్నాడు. చివరికి ఆమె చెయ్యి ఆపి, "ఇంత మెల్లటిది నాకే వినబడదు మేడమ్," అంది. నాకు అప్పుడు అర్థమైంది. నాయన అద్దంలోంచి ఆ పిల్లనే చూస్తున్నాడు. మిషను మీద ఆమె వేలు కదిలినప్పుడల్లా నొక్కుతున్నాడు. మోసం చేయాలని కాదు. మనిషి ఏదో చెబుతోంది, తను అందుకుంటున్నాడు, అంతే. సంగతి చెప్పగానే ఆ అమ్మాయి నవ్వి లోపలికి పోయి నాయన కుర్చీని గోడ వైపు తిప్పేసింది.

మళ్ళీ పరీక్ష మొదలైంది. ఈసారి నాయన చెయ్యి చాలాసేపు కదల్లేదు. వెనక నుంచి ఆయన మెడ కనిపిస్తోంది నాకు. వినడానికి మెడ చాచుతున్నాడు. డప్పు మోత లాంటి లావు శబ్దాలు వచ్చినప్పుడు టక్కున నొక్కాడు. పిట్ట కూత లాంటి సన్నవాటి దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. తర్వాత చెవి వెనక ఎముకకి చిన్న బిళ్ళ లాంటిది ఆనించి మరోసారి చేసింది. అడ్డం బయటి చెవిలో ఉందా లోపలి నరంలో ఉందా తేలడానికి అని చెప్పింది.

ఆఖరున మాటల పరీక్ష. ఆమె ఎదురుగా కూర్చుని అట్టముక్క నోటికి అడ్డం పెట్టుకుని చిన్న చిన్న మాటలు చెబుతుంది, నాయన తిరిగి చెప్పాలి. మొదటి మాటకి నాయన తల ఊపాడు. "ఊపొద్దు తాతా, చెప్పు," అంది. రెండో మాటకీ ఊపాడు. మూడోది ఆమె చెబుతుండగానే నాయన ముఖం మారిపోయింది. ఆ అట్ట వైపు అలాగే చూస్తూ చూస్తూ లేచి నిలబడి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పోయి నిలబడ్డాను.

"ఆ పొద్దు మీ అమ్మ ఏం సెప్పిందో నాకు తెలీదు బిడ్డా," అన్నాడు. "నోటికి ఆక్సిజన్ మాస్కుండె. లోపలంతా ఆవిరి పట్టేసుండాది. పెదాలు కనబడలా. ఏందో గొణిగినట్టు గొంతు వచ్చింది గానీ మాట తెలీలా. అలవాటు కొద్దీ తల ఊపినాను. సరే అనినాను. ఆమె కండ్లు మూసుకొనింది. మళ్ళా అడుగుదామంటే టైమైపోయిందని బయటికి పంపినారు."

"మరి నా గురించి అడిగిందని సెప్తివే?"

"గేటు కాడ నీ మొగం సూసినాక ఇంకేం సెప్పేది?"

నాకు కోపం వచ్చింది. దుఃఖం తర్వాత వచ్చింది, ముందు కోపమే. దాదాపు ఏడాదిగా నేను పట్టుకుని ఉన్న మాట, అసలు లేనేలేదు. ఆ వరండాలో, నలుగురూ చూస్తుండగా, నాయన్ని ఏవేవో అన్నాను. ఆయన నా నోటి వంకే చూస్తూ అన్నీ అందుకున్నాడు. కావాలంటే తల తిప్పేసుకోవచ్చు, అమ్మ దగ్గర అలాగే చేసేవాడు. తిప్పుకోలేదు. ఆ అమ్మాయి బయటికి వచ్చి నా భుజం పట్టుకునేదాకా నేను ఆపలేదు.

లోపలికి తీసుకుపోయి ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, గోడ మీద చెవి బొమ్మ చూపించి చెప్పింది. శబ్దం వచ్చి లోపలి పొరకి తగులుతుంది. దాన్నే కర్ణభేరి అంటారు. అది అదిరితే దాని వెనకున్న మూడు ఎముకలు కదులుతాయి. మన ఒంట్లో అంతకంటే చిన్న ఎముకలు లేవట. అవి పోయి నత్తగుల్లలా చుట్టుకున్న ఒక గొట్టాన్ని కదిలిస్తాయి. ఆ గొట్టంలో నీరు, నీటిలో కంటికి కనిపించనంత సన్నటి కేశాల వంటివి వరసలు వరసలుగా ఉంటాయి. నీరు కదిలి అవి వంగితే నరానికి కబురు పోతుంది, నరం మెదడుకి మోస్తుంది. గొట్టం మొదట్లో ఉన్నవి సన్న శబ్దాలను అందుకుంటాయి, లోపలి చివర ఉన్నవి లావు శబ్దాలను. ఏళ్ళ తరబడి పెద్ద మోత పడితే ముందుగా చచ్చిపోయేవి ఆ మొదట్లోవే. కాగితం మీద నాయన చెవుల గీత తీసి చూపించింది. ఎడమ నుంచి మామూలుగానే వచ్చి, సగం దాటాక గుంటలోకి దిగిపోయింది. రెండు చెవులదీ ఒకే గుంట. మగ్గాల్లో పనిచేసినవాళ్ళకి ఇలాగే వస్తుందని, పైన వయసు కూడా తోడైందని చెప్పింది.

నాయన బొమ్మ దగ్గరికి పోయి ఆ సన్న వరసల మీద వేలు పెట్టాడు. "తెగిన పోగు ముడేసినట్టు వీటిని ఏం సెయ్యలేరా పాపా?"

ఆమె ఆయనకి కనబడేలా ముఖం ఎత్తి, "లేదు తాతా. పోయినవి మళ్ళీ రావు. ఉన్నవాటితోనే వినాలి," అంది.

"గొంతు ఇనబడింది. మాట ఇనబళ్ళా. అదెట్ల?"

దానికీ చెప్పింది. మాటలో గొంతు బలమంతా అచ్చుల్లో ఉంటుందట, అవి లావుగా ఉంటాయి కాబట్టి నాయనకి అందుతాయి. మాటను విడదీసి ఇది ఫలానా అని చెప్పేవి స, ష, త, క లాంటి సన్న హల్లులు. అవి ఆ గుంటలో పడిపోతాయి. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. గొణిగినట్టు వచ్చింది అని ఆయన అన్నది అక్షరాలా నిజమేనని నాకు తెలిసొచ్చింది.

నన్నూ అదే ఇంట్లో పెరిగినదాన్ని కదా అని పరీక్షించింది. నా గీతలోనూ అక్కడే చిన్న పల్లం ఉంది. ఇంకా ఇబ్బంది పెట్టే స్థాయి కాదట. అప్పుడు ఊరికే అడిగినట్టుగా అమ్మ సంగతి అడిగాను. షెడ్డు బయట కూడా చాలా గట్టిగా మాట్లాడేదని చెప్పాను.

"నరం దెబ్బతిన్నవాళ్ళు చాలామంది అంతే మేడమ్. వాళ్ళ గొంతు వాళ్ళకే సరిగా వినబడదు, అందుకే పెంచుతారు. ఆమెకి కూడా వినికిడి పోయే ఉంటుంది. ఎప్పుడైనా చూపించారా?"

చూపించలేదు. మెల్లగా మాట్లాడమని చెప్పాను. అంతకంటే నేను చేసింది ఏమీ లేదు. ఆమె నా ఇంట్లో గొంతు లేకుండా మాట్లాడిందంటే అది అలక కాదేమో. ఏది గట్టిగానో ఏది మెల్లగానో తనకే తెలియక, పొరపాటున కూడా నా పరువు తీయకూడదని, మొత్తం ఆపేసి ఉంటుంది.

రెండు వారాలకి నాయన చెవులకి మిషన్లు వచ్చాయి. చెవి వెనక చిక్కుడు గింజంత ఉంటాయి. పెట్టుకున్న మొదటి రోజు ఆయన ఇల్లంతా తిరిగాడు. కుళాయి విప్పి విన్నాడు, కట్టి విన్నాడు. పేపరు తిప్పితే ఉలిక్కిపడ్డాడు. స్టీలు గ్లాసు కింద పెడితే చెవులు మూసుకున్నాడు. "రేకు డబ్బాలో కూసున్నట్టుండాది," అన్నాడు. మెదడు ఆ శబ్దాలను మర్చిపోయింది, మళ్ళీ నేర్చుకోవాలి, రోజూ పెట్టుకోమని ఆ అమ్మాయి గట్టిగా చెప్పి పంపింది. విసుక్కుంటూనే పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి వెనక నుంచి పిలిస్తే పలికేవాడు. నాకు పట్టరానంత సంతోషంగా ఉండేది. అంతలోనే అమ్మకి ఇవి పెట్టించి ఉంటే అని మనసు అక్కడికే పోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక నాయన ఫ్యాను ఆపేశాడు. అలమారలో మిగిలిపోయిన మాస్కు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మంచం మీద పడుకో బిడ్డా. తల కింద రెండు దిండ్లేసుకో. ఆమె తల కొంచెం ఎత్తులో ఉండె."

నేను ఆయన వంక చూశాను.

"పెదాలు కనబడలా గానీ గడ్డం కనబడింది. ఎట్ల ఆడిందో నాకు బాగా గుర్తుండాది. ఐదుసార్లు ఆడింది. రెండోదాని కాడ ఊపిరికి ఆగింది. ఆఖరుది సాగింది. నువ్వు ఒక్కోటి సెప్పు, నేను సూస్తాను. ఇప్పుడు సెవులు కూడా ఉండాయి."

వద్దు నాయనా అందామనుకున్నాను. అనలేకపోయాను. గడ్డం బయట ఉండేలా మాస్కు పైకి మడిచి పెట్టుకుని పడుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఎత్తు సరిపోలేదని లేచి స్టూలు తీసేసి కుర్చీ తెచ్చుకున్నాడు. ముందుగా ఏం చెప్పాలో ఆయనే అడిగాడు.

"మగ్గాలు అమ్మొద్దు, అని సెప్పు."

ఆయన భయం ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. సరే అని మాటిచ్చి, ఆ మాట తప్పానేమోనని ఇన్నాళ్ళూ లోలోపల నలిగిపోయాడు. నేను మెల్లగా, ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాను. నాయన నా గడ్డం వైపే చూశాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

"కాదు," అన్నాడు. ఆయన భుజాలు కిందికి దిగాయి. "ఇది కాదు."

ఇంటికి తీసుకపో అని చెప్పాను. కాదన్నాడు. నీళ్ళు కావాల అన్నాను. అదీ కాదు. వేళకి తిను, నువ్వు పోయి పడుకో, నాకు బయమైతాంది. ఆ చివరిది నాయన రెండుసార్లు చెప్పించుకున్నాడు, కానీ అదీ కొలతకు రాలేదు. మొత్తం ఇరవై మాటల దాకా చెప్పి ఉంటాను. మేమిద్దరం అమ్మ మాతో బతికిన ఏళ్ళలో ఆమె ఏమేం అనేదో ఒక్కొక్కటే తీసి చూశాం. ఒక్కటీ సరిపోలేదు.

అంతసేపూ నేను ఒక మాట చెప్పకుండా దాచుకుని ఉన్నాను. ఆయన కాదంటే తట్టుకోలేనని దాచుకున్నాను. ఇంకేమీ మిగల్లేదు. కళ్ళు పైకప్పు వైపు పెట్టుకుని చెప్పేశాను.

"బిడ్డకి సెప్పు. నాకు దాని మీద కోపం లేదని."

నేను తల తిప్పి చూశాను. ఆయన నా గడ్డం వైపు చూడడం లేదు, నా కళ్ళలోకి చూస్తున్నాడు.

"పొడుగైంది బిడ్డా. కొలత సరిపోలా."

తల ఊపాను.

నాయన ముందుకు వంగి నా ముఖం మీద మాస్కు తీసేశాడు. "ఆ పొద్దు ఆమె సెప్పింది ఇది కాదు. అయినా ఈ మాట మీ అమ్మదే. అబద్ధం కాదు."

"నీకెట్ల తెలుసు నాయనా?"

"నలభై ఏండ్లు ఆమె నోరే సూస్తా బతికినాను కద," అన్నాడు.